పైథాన్‌తో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను చక్కగా ఇండెంట్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఎంవీపీ కాలనీలో సాయంత్రం పూట పైథాన్ నేర్పుతుంటాను. వచ్చేవాళ్లలో డిగ్రీ పిల్లలున్నారు, గాజువాకలో డ్యూటీ దిగి బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు, కంప్యూటర్లో లెక్కలు రాసే గుమాస్తాలున్నారు. ఎక్స్‌ఎమ్‌ఎల్ (సమాచారాన్ని ట్యాగ్‌లనే గుర్తుల మధ్య పెట్టి రాసే పద్ధతి) పాఠం వచ్చేసరికి అందరూ దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో రాశాను. మీరు మాత్రం కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. ట్రూ, ఫాల్స్, ఎలిమెంట్‌ట్రీ, ట్రీబిల్డర్ లాంటి పేర్లలో మాత్రం పెద్దక్షరాలుంటాయి.

అసలు ఇండెంట్ చేయడమంటే ఏమిటి?

ప్రోగ్రాములు ఒకదానికొకటి పంపుకునే ఎక్స్‌ఎమ్‌ఎల్ తరచుగా ఇలా ఒకే లైనులో వస్తుంది:

```
<హెచ్చరిక><సంకేతం>3</సంకేతం><ప్రాంతం><ఊరు>భీమిలి</ఊరు><ఊరు>పూడిమడక</ఊరు></ప్రాంతం><సూచన>వేటకు వెళ్లవద్దు</సూచన></హెచ్చరిక>
```

ఇంత చిన్నదైతే చదవగలం. ఇదే నలభై వేల అక్షరాలుంటే ఏ ఊరు ఏ ప్రాంతం కిందికి వస్తుందో కంటికి ఆనదు. ఒక్కో ట్యాగ్‌ను ఒక్కో లైనులో పెట్టి, లోపలి ట్యాగ్‌ను రెండు స్పేసులు లోపలికి జరిపితే ఇలా ఉంటుంది:

```
<హెచ్చరిక>
  <సంకేతం>3</సంకేతం>
  <ప్రాంతం>
    <ఊరు>భీమిలి</ఊరు>
    <ఊరు>పూడిమడక</ఊరు>
  </ప్రాంతం>
  <సూచన>వేటకు వెళ్లవద్దు</సూచన>
</హెచ్చరిక>
```

ఇప్పుడు ఎవరి కింద ఎవరున్నారో చూడగానే తెలుస్తుంది. ఒక ఊరు పొరపాటున ప్రాంతం బయట పడినా పట్టేయొచ్చు.

ప్రతిసారీ తుపాను హెచ్చరికలనే ఉదాహరణగా ఎందుకు తీసుకుంటారు?

మన ఊళ్లో దాని విలువ తెలియనివాళ్లు లేరు కాబట్టి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. ఆ తర్వాతి రోజులు చూసినవాళ్లకు హెచ్చరికలో ఒక్క అంకె తప్పినా ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. రెండో కారణం, ప్రపంచమంతా విపత్తు హెచ్చరికలు పంపడానికి వాడే కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలోనే ఉంటుంది. దాని 1.2 వెర్షన్ 2010లో ప్రమాణంగా వచ్చింది. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే సచేత్ అనే హెచ్చరికల వ్యవస్థ కూడా ఈ ప్రోటోకాల్ మీదే పనిచేస్తుంది. ఒకే హెచ్చరికలో ఒక్కో భాషకు ఒక్కో సమాచార భాగం పెట్టుకునే వీలుంది. అంటే ఇంగ్లీషు పక్కనే తెలుగు భాగం ఉండొచ్చు. తరగతిలో వాడే నమూనాలు మాత్రం మేం సొంతంగా రాసుకున్నవి, నిజమైన హెచ్చరికలు కావు.

ట్యాగ్ పేర్లు తెలుగులో పెట్టొచ్చా?

నిశ్చింతగా పెట్టొచ్చు. ఎక్స్‌ఎమ్‌ఎల్ నియమాలు యూనికోడ్ అక్షరాలను పేర్లలో మొదటినుంచీ ఒప్పుకుంటున్నాయి. ఒక్క జాగ్రత్త చాలు. "ఫోన్‌నంబరు" అని రాసేటప్పుడు న పొల్లుకూ తర్వాతి న అక్షరానికీ మధ్య ఒత్తు పడకుండా మనం కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ కొడతాం. పైథాన్ వాడే ఎక్స్‌పాట్ అనే పార్సర్ (ఫైలును చదివి ట్యాగ్‌లుగా విడదీసే ప్రోగ్రాము) ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 నాలుగో ముద్రణ నియమాలు పాటిస్తుంది. ఆ నియమాల్లో ఈ గుర్తుకు పేర్లలో చోటు లేదు, 2008లో వచ్చిన అయిదో ముద్రణలోనే చోటిచ్చారు. కాబట్టి ట్యాగ్ పేరులో అది ఉంటే ఫైలు చెల్లదని ఎర్రర్ వస్తుంది, మీకు మాత్రం తప్పెక్కడుందో కనబడదు. ట్యాగ్‌కు "ఫోను_నంబరు" అని పెట్టుకోండి. ట్యాగ్‌ల మధ్య రాసే మాటల్లో ఆ గుర్తు ఎంత వాడినా ఇబ్బంది లేదు.

అన్నిటికంటే సులువైన పద్ధతి ఏది?

మీ పైథాన్ 3.9 గానీ ఆ పైది గానీ అయితే బయటినుంచి ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. పైథాన్‌తో పాటే వచ్చే ఎలిమెంట్‌ట్రీ మాడ్యూల్‌లో 2020 అక్టోబర్‌లో ఇండెంట్ అనే ఫంక్షన్ చేర్చారు. మొత్తం పని నాలుగు లైన్లు. మొదటి లైనులో ఎలిమెంట్‌ట్రీని ఇంపోర్ట్ చేయండి. రెండో లైనులో పార్స్‌కు ఫైలు పేరిచ్చి, వచ్చిన ట్రీని (ట్యాగ్‌ల చెట్టును) ఒక వేరియబుల్‌లో ఉంచుకోండి. మూడో లైనులో ఆ ట్రీని ఇండెంట్‌కు ఇవ్వండి. ఏమీ చెప్పకపోతే మెట్టుకు రెండు స్పేసులు వేస్తుంది. నాలుగో లైనులో ట్రీ మీద రైట్ పిలిచి కొత్త ఫైలు పేరు, ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) యూటీఎఫ్-8, ఎక్స్‌ఎమ్‌ఎల్ డిక్లరేషన్ ట్రూ అని ఇవ్వండి. డిక్లరేషన్ అంటే వెర్షన్, ఎన్‌కోడింగ్ చెప్పే మొదటి లైను. ఆ ఆప్షన్ పేరులో రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది.

"కొత్త ఫైలు పేరు" అన్నది ఊరికే అనలేదు. పాత పేరుకే రాస్తే మూలం పోతుంది. ఇండెంట్ చేసిన ఫైలు మన కళ్ల కోసం. మూలాన్ని తాకకండి. ఈ ఒక్క అలవాటు ఉంటే కింద చెప్పబోయే నష్టాల్లో చాలావాటినుంచి బయటపడొచ్చు.

మా ఆఫీసులో పాత పైథాన్ ఉంది, మార్చనివ్వరు. ఏం చేయాలి?

మినీడామ్ అనే ఇంకో మాడ్యూల్ ఎప్పటినుంచో ఉంది. దాంట్లో పార్స్ చేసి, టు ప్రెటీ ఎక్స్‌ఎమ్‌ఎల్ పిలిస్తే ఇండెంట్ చేసిన పాఠం చేతికొస్తుంది. ఆ పేరు మధ్యలో స్పేసులుండవు, అంతా కలిపే కొట్టాలి. మీరు చెప్పకపోతే ట్యాబ్‌లు వేస్తుంది కాబట్టి ఇండెంట్ ఆప్షన్‌కు రెండు స్పేసులు ఇవ్వండి. ఎన్‌కోడింగ్ కూడా ఇస్తే మీకు వచ్చేది స్ట్రింగ్ కాదు, బైట్లు. అప్పుడు ఫైలును బైనరీ మోడ్‌లో తెరిచి రాయాలి.

3.8 కంటే పాత పైథాన్‌లో ఇంకో తేడా ఉంది. యాట్రిబ్యూట్లను (ట్యాగ్ లోపల పేరు, విలువ జంటలుగా రాసేవి) మీరు రాసిన వరసలో ఉంచదు, అక్షర క్రమంలో పెట్టేస్తుంది. అర్థం మారదు గానీ, పాత ఫైలుతో పోల్చి చూసేవాళ్లకు ప్రతి లైనూ మారినట్టు కనిపిస్తుంది.

మినీడామ్‌తో చేస్తే మధ్యమధ్యలో ఖాళీ లైన్లు వస్తున్నాయి. మళ్లీ నడిపితే ఇంకా పెరుగుతున్నాయి. ఎందుకు?

మీ ఫైలు అప్పటికే ఇండెంట్ అయి ఉంది. రెండు ట్యాగ్‌ల మధ్య ఉన్న లైన్ బ్రేకు, స్పేసులు మనకు ఖాళీగా కనిపిస్తాయి గానీ మినీడామ్ వాటిని ఒక టెక్స్ట్ నోడ్‌గా దాచుకుంటుంది. తిరిగి రాసేటప్పుడు ఆ ఖాళీ నోడ్‌ను కూడా ఒక లైనుగా రాసి, దానికి తన ఇండెంట్ కలుపుతుంది. ఎన్నిసార్లు నడిపితే అన్ని పొరలు.

చాలామంది వచ్చిన పాఠంలో ఖాళీ లైన్లన్నిటినీ ఏరిపారేస్తారు. పద్యాలో పాటలో ఉన్న ఫైలయితే చరణాల మధ్య కావాలని వదిలిన ఖాళీ లైన్లు కూడా దాంతో పాటే పోతాయి. సరైన పద్ధతి, రాయడానికి ముందే ఖాళీ టెక్స్ట్ నోడ్లను తీసేయడం. అందులోనూ పిల్ల ట్యాగ్‌లున్న ఎలిమెంట్లలోనే తీయాలి (ఎలిమెంట్ అంటే మొదలు ట్యాగ్ నుంచి ముగింపు ట్యాగ్ దాకా ఉన్న భాగం). ఒక ట్యాగ్‌లో స్పేసు ఒక్కటే ఉందంటే అది కావాలని పెట్టింది అయ్యుండొచ్చు. ఎలిమెంట్‌ట్రీ ఇండెంట్‌కు ఈ తలనొప్పి లేదు. ఖాళీగా ఉన్నచోటే తన ఖాళీని పెడుతుంది కాబట్టి పదిసార్లు నడిపినా అదే ఫైలు వస్తుంది.

తెలుగు మాటలన్నీ అంకెలైపోయాయి! ఫైలు పాడైందా?

పాడవలేదు. రైట్‌కు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే ఎలిమెంట్‌ట్రీ యుఎస్-ఆస్కీలో రాస్తుంది. ఆస్కీలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి ప్రతి అక్షరాన్నీ దాని యూనికోడ్ నంబరుతో రాస్తుంది. "విశాఖ" అనే మాటను దగ్గరగా చూద్దాం. మనం దాన్ని మూడక్షరాలుగా పలుకుతాం. కంప్యూటర్‌కు అవి అయిదు: వ, గుడి, శ, దీర్ఘం, ఖ. వాటి నంబర్లు వరసగా 3125, 3135, 3126, 3134, 3094. ఆస్కీలో ఇలా వస్తాయి:

```
&#3125;&#3135;&#3126;&#3134;&#3094;
```

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, మొత్తం 15. ఇలా అంకెల్లో రాస్తే 35. ఏ పార్సరైనా దీన్ని తిరిగి "విశాఖ" అనే చదువుతుంది, సమాచారం ఎక్కడికీ పోలేదు. కానీ చదువుకోవడానికే కదా ఇండెంట్ చేసుకున్నాం, చదవలేని ఫైలు చేతికొస్తే ఆ పని దేనికి? ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడం మరచిపోకండి.

నాకు అంకెలు రాలేదు. ఏవో యూరప్ అక్షరాలు వచ్చాయి.

తల మీద వాలు గీత ఉన్న ఇంగ్లీషు చిన్న "ఏ" అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో ఉండి, ఇదే జంట మళ్లీ మళ్లీ వస్తోందా? అయితే అవి మీ తెలుగు అక్షరాలే. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరమూ ఆ రెండు జంటల్లో ఒకదానికి సరిపోయే బైట్లతోనే మొదలవుతుంది. విండోస్‌లో ఓపెన్‌కు ఎన్‌కోడింగ్ ఇవ్వకుండా ఫైలు తెరిస్తే పైథాన్ ఆ మెషీన్‌లోని పాత పాశ్చాత్య కోడ్ పేజీతో చదువుతుంది. అలా చదివినదాన్ని సేవ్ చేయకండి, చేస్తే చెడు రెండింతలవుతుంది. మూలం దగ్గరికి వెళ్లి, ఓపెన్‌తో పని లేకుండా ఫైలు పేరునే నేరుగా పార్స్‌కు ఇవ్వండి. పార్సర్ బైట్లను చదివి, ఫైలు మొదటి లైనులో ఉన్న ఎన్‌కోడింగ్‌ను తనే చూసుకుంటుంది.

ఇండెంట్ చేస్తే అర్థం మారుతుందా? ఖాళీలే కదా!

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 నియమాలు 1998 ఫిబ్రవరి 10న వచ్చాయి. మార్కప్ కాని ప్రతి అక్షరాన్నీ పార్సర్ అప్లికేషన్‌కు అందజేసి తీరాలని వాటిలో ఉంది. స్పేసు, ట్యాబ్, లైన్ బ్రేకు కూడా అక్షరాలే. కాబట్టి ఇండెంట్ చేయడమంటే ఫైలులో కొత్త అక్షరాలు చేర్చడమే. ట్యాగ్‌ల లోపల ట్యాగ్‌లే ఉన్న ఫైళ్లలో, అంటే పట్టికల్లాంటి వాటిలో, ఆ చేర్పును చదివే ప్రోగ్రాములు పట్టించుకోవు. మాటల మధ్యలో ట్యాగ్‌లు వచ్చే ఫైళ్లలో మాత్రం దెబ్బ తగులుతుంది. తెలుగుకు ఆ దెబ్బ ఇంగ్లీషు కంటే గట్టిగా తగులుతుంది.

ఈ వాక్యం చూడండి:

```
<వాక్యం>రేపు <ఊరు>భీమిలి</ఊరు>లో అలలు ఎక్కువ</వాక్యం>
```

ఊరి పేరుకు ట్యాగ్ పెట్టి, "లో" అనే ప్రత్యయాన్ని బయట అతికించారు. తెలుగులో ఇది సహజం. మన విభక్తులు మాటకు అంటుకునే ఉంటాయి. దీన్నే మినీడామ్‌తో ఇండెంట్ చేస్తే:

```
<వాక్యం>
  రేపు 
  <ఊరు>భీమిలి</ఊరు>
  లో అలలు ఎక్కువ
</వాక్యం>
```

ఇది తెరకెక్కేసరికి "రేపు భీమిలి లో అలలు ఎక్కువ" అవుతుంది. అక్కడితో ఆగదు. "భీమిలిలో" అని వెతికేవాళ్లకు ఈ వాక్యం దొరకదు. పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ "భీమిలి" దగ్గర ఆగి, "లో" అని విడిగా పలుకుతుంది. ఇంగ్లీషులో "ఇన్" ఎలాగూ విడి మాటే, మధ్యలో స్పేసు ఎలాగూ ఉంటుంది. అక్కడ పరీక్షించి బాగానే ఉందనుకున్న స్క్రిప్ట్ మన భాషలో మాటల్ని విరగ్గొడుతుంది. తెలుగు పాఠాలతో పనిచేసే కుర్రవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎలిమెంట్‌ట్రీ ఇండెంట్ ఇక్కడ మెరుగు. ట్యాగ్ ముందు గానీ వెనక గానీ నిజమైన మాటలుంటే అక్కడ చేయి పెట్టదు. పై వాక్యాన్ని అది ముట్టుకోదు. కానీ వాక్యం ట్యాగ్‌తోనే మొదలైనా, రెండు ట్యాగ్‌లు పక్కపక్కనే ఆనుకుని ఉన్నా అక్కడ లైన్ బ్రేకు పెట్టేస్తుంది. ఊరి పేరుకు ఒక ట్యాగ్, ఆ వెంటనే అధోజ్ఞాపిక నంబరుకు ఇంకో ట్యాగ్ ఉన్నాయనుకోండి, రెంటినీ విడదీస్తుంది. కమాండ్ లైనులో నడిచే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్, దాని ఇంజనే వాడే ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఇంకా జాగ్రత్తగా ఉంటాయి. ఒక ఎలిమెంట్‌లో నేరుగా మాటలు కనిపిస్తే దాని లోపల ఇక ఇండెంట్ చేయవు. వ్యాసాలు, కథలు, నిఘంటువులు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఉంటే నేను ఈ రెంటిలో ఒకటి తప్ప ఇంకోటి వాడను.

సంతకం ఉన్న ఫైలును ఇండెంట్ చేయొచ్చా?

చదువుకోవడానికి కాపీ తీసుకుని చేయండి. ఆ కాపీని మాత్రం ఎవరికీ పంపకండి. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు డిజిటల్ సంతకం ఉన్న ఎక్స్‌ఎమ్‌ఎల్. సంతకాన్ని సరిచూసేటప్పుడు ఫైలును ముందు ఒక ప్రామాణిక రూపంలోకి మారుస్తారు. ఆ రూపంలో యాట్రిబ్యూట్ల వరస, కొటేషన్ గుర్తుల తేడాలు సర్దుకుంటాయి గానీ ట్యాగ్‌ల మధ్య ఖాళీలు ఉన్నవి ఉన్నట్టే మిగులుతాయి. ఒక్క లైన్ బ్రేకు చేర్చినా సంతకం చెల్లదు.

నాకిది అనుభవంతో తెలిసింది. ఒక దరఖాస్తుకు జతచేయాల్సిన సంతకపు ఫైలును, చూసేవాళ్లకు సులువుగా ఉంటుందని ఇండెంట్ చేసి పంపాను. వారం తర్వాత "ఫైలులో మార్పులు జరిగాయి" అని తిప్పి పంపారు. ఒక్క అంకె మార్చలేదని ఫోనులో గట్టిగా వాదించాను. రాత్రి కూర్చుని రెండు ఫైళ్లనూ బైటు బైటూ పోల్చి చూస్తే తప్పు నాదేనని తేలింది. పొద్దున్నే మళ్లీ ఫోన్ చేసి ఆ గుమాస్తా గారికి క్షమాపణ చెప్పుకున్నాను.

ట్యాగ్‌ల ముందు ఎన్‌ఎస్‌0 అని ఏదో వచ్చి చేరింది. ఏమిటది?

ఫైలులో నేమ్‌స్పేస్ ఉంది, అంటే ట్యాగ్ పేర్లు ఏ ప్రమాణానికి చెందినవో చెప్పే చిరునామా. అలర్టింగ్ ప్రోటోకాల్ ఫైళ్లన్నిటిలోనూ ఉంటుంది. ఎలిమెంట్‌ట్రీ నేమ్‌స్పేస్ పూర్తి చిరునామాను గుర్తుంచుకుంటుంది, మీరు పెట్టిన పొట్టిపేరును మరచిపోతుంది. రాసేటప్పుడు తనకు తోచిన ఎన్‌ఎస్‌0, ఎన్‌ఎస్‌1 పెడుతుంది. నియమం ప్రకారం అర్థం మారలేదు, కానీ చదివేవాళ్లు కంగారుపడతారు. పొట్టిపేరునే వెతికే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి కూడా. రాయడానికి ముందు రిజిస్టర్ నేమ్‌స్పేస్ పిలిచి, పొట్టిపేరు, చిరునామా రెండూ ఇవ్వండి. పొట్టిపేరు చోట ఖాళీ స్ట్రింగ్ ఇస్తే ట్యాగ్‌ల ముందు ఏమీ లేకుండానే వస్తాయి.

కామెంట్లు మాయమయ్యాయి.

ఎలిమెంట్‌ట్రీ మామూలుగా కామెంట్లను వదిలేస్తుంది. 3.8 నుంచి ట్రీబిల్డర్‌కు ఇన్సర్ట్ కామెంట్స్ ట్రూ అని ఇచ్చి, ఆ బిల్డర్‌తో పార్సర్ చేసుకుంటే రూట్ (అన్నిటికంటే బయటి ట్యాగ్) లోపలి కామెంట్లు మిగులుతాయి. రూట్‌కు బయట, ఫైలు పైభాగంలో రాసినవి అప్పటికీ పోతాయి. డాక్‌టైప్ లైనూ అంతే. సీడేటా పెట్టెలు (లోపలి గుర్తులను ట్యాగ్‌లుగా చదవొద్దని చుట్టే భాగాలు) మామూలు పాఠంగా మారిపోతాయి. ఇవన్నీ నిలవాలంటే ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఇన్‌స్టాల్ చేసుకోండి. దాని పార్సర్‌కు రిమూవ్ బ్లాంక్ టెక్స్ట్ ట్రూ, స్ట్రిప్ సీడేటా ఫాల్స్ ఇచ్చి, రాసేటప్పుడు ప్రెటీ ప్రింట్ ట్రూ అనండి. మొదటి ఆప్షన్ ఇవ్వకపోతే, పాత ఖాళీలు అడ్డుపడి ప్రెటీ ప్రింట్ పనిచేయలేదని మీకనిపిస్తుంది.

పార్స్ దగ్గరే ఎర్రర్ వస్తోంది. అదీ "లైన్ 1, కాలమ్ 48213" అని!

ఒకే లైను ఫైలుతో ఉన్న బాధ ఇదే. ఇండెంట్ చేసుకుంటే తప్పు కనబడుతుంది, తప్పు పోతే గానీ ఇండెంట్ అవదు. పాఠాన్ని స్ట్రింగ్‌గా చదివి, ఆ కాలమ్‌కు అటు నలభై ఇటు నలభై అక్షరాలు కోసి ప్రింట్ చేయండి. నేరస్తుడు సాధారణంగా అక్కడే ఉంటాడు.

నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువసార్లు దొరికేది ఆంపర్‌సండ్ గుర్తు. ఎవరో ఆఫీసు పేరును "ఆర్&బి" అని నేరుగా కొట్టి ఉంటారు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఆ గుర్తు ఒక ప్రత్యేక కోడ్‌కు మొదలు కాబట్టి పార్సర్ అక్కడ ఆగిపోతుంది. రెండోది, ఫైలు మొదట్లో ఒక ఖాళీ లైను. డిక్లరేషన్ ఉంటే దాని ముందు ఒక్క స్పేసు కూడా ఉండకూడదు. మూడోది లెక్కల సాఫ్ట్‌వేర్‌ల నుంచి వచ్చే ఫైళ్లలో కనిపిస్తుంది. `&#4;` లాంటి కంట్రోల్ అక్షరాల కోడ్లు వాటిలో ఉంటాయి. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0లో 4వ నంబరు అక్షరానికి చోటే లేదు. పార్స్ చేయడానికి ముందు కాపీలో దాన్ని ఏమీ లేకుండా రీప్లేస్ చేయండి. ఆ ఫైలునే తిరిగి అదే సాఫ్ట్‌వేర్‌లోకి పంపాలంటే మాత్రం మూలాన్నే వాడండి.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (నమూనా ఇచ్చి వెతికి మార్చే పద్ధతితో) ప్రతి ట్యాగ్ ముందు లైన్ బ్రేకు పెట్టేస్తే సరిపోదా?

వద్దు. కామెంట్‌లోపలా సీడేటాలోపలా ట్యాగ్‌లా కనిపించేవన్నీ విరిగిపోతాయి. మాటల మధ్య ట్యాగ్‌ల గతి పైన చెప్పిందే.

ఎన్ని స్పేసులు పెట్టాలి? యాట్రిబ్యూట్లను ఒకదాని కింద ఒకటి వరసగా పేర్చొచ్చా?

రెండు స్పేసులు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో మెట్లు చాలా లోతుకు పోతాయి, నాలుగు వేస్తే అసలు మాట తెర కుడివైపుకు జారిపోతుంది. యాట్రిబ్యూట్లను నిలువు గీత గీసినట్టు పేర్చే పని తెలుగు పాఠంలో పెట్టుకోవద్దు. తెలుగు అక్షరాల వెడల్పులు ఒకేలా ఉండవు, మీ ఎడిటర్‌లో కుదిరిన వరస పక్కవాళ్ల తెర మీద చెదురుతుంది. లైను మొదట్లో ఉండే ఇండెంట్‌కు ఈ ఇబ్బంది లేదు.

హెచ్చరికలో తీరం సరిహద్దు పాలిగాన్ చాలా పొడవుగా ఉంది. దాన్ని లైన్లుగా విరవొచ్చా?

విరవకండి. అక్షాంశం, కామా, రేఖాంశం కలిపి ఒక జంట, జంటకూ జంటకూ మధ్య ఒక స్పేసు. అదంతా ఒకే టెక్స్ట్ కాబట్టి పైన చెప్పిన పనిముట్లు ఏవీ దాన్ని ముట్టుకోవు. మీరు చేత్తో లైన్ బ్రేకులు పెడితే, స్పేసు దగ్గర మాత్రమే కోసే ప్రోగ్రాము రెండు జంటల్ని ఒకటిగా చదువుతుంది. మ్యాప్ మీద తీరం ఆకారమే మారిపోతుంది.

ఫైలు 2 జీబీ ఉంది. ల్యాప్‌టాప్ స్తంభించిపోయింది.

మినీడామ్, ఎలిమెంట్‌ట్రీ రెండూ ఫైలు మొత్తాన్ని మెమరీలోకి తెచ్చుకుంటాయి, అక్కడది అసలు సైజు కంటే చాలా పెరుగుతుంది. ఎలిమెంట్‌ట్రీలోని ఇటర్‌పార్స్‌తో ఒక్కో రికార్డునే చదివి, ఇండెంట్ చేసి, రాసేసి, క్లియర్ పిలిచి ఖాళీ చేస్తూ పొండి. నిజానికి అంత ఫైలును ఎవరూ పైనుంచి కింది దాకా చదవరు. మొదటి వంద రికార్డులు ఇండెంట్ చేసుకుంటే దాని నిర్మాణం తెలిసిపోతుంది.

పైథాన్ రాని వాళ్లకు?

లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్‌కు ఫార్మాట్ ఆప్షన్, ఫైలు పేరు ఇస్తే చాలు. పీహెచ్‌పీ వాడేవాళ్లు డామ్‌డాక్యుమెంట్‌లో ప్రిజర్వ్ వైట్‌స్పేస్ ఫాల్స్, ఫార్మాట్ అవుట్‌పుట్ ట్రూ పెట్టుకోవాలి. ఫైలు లోడ్ చేయడానికి ముందే పెట్టాలి.

ఇండెంట్ చేశాక ఏమీ పోలేదని ఎలా తెలుసుకోవాలి?

ఎలిమెంట్‌ట్రీలో 3.8 నుంచి కానానికలైజ్ అనే ఫంక్షన్ ఉంది. మూలాన్నీ కొత్తదాన్నీ దానికి ఇచ్చి, స్ట్రిప్ టెక్స్ట్ ట్రూ అనండి. వచ్చిన రెండు స్ట్రింగులు సమానమైతే ట్యాగ్‌లు, యాట్రిబ్యూట్లు, మాటలు అన్నీ భద్రం. కామెంట్లను కూడా పోల్చాలంటే విత్ కామెంట్స్ ట్రూ కలపండి. ఈ పరీక్షకు ఒక లోపం ఉంది. ప్రతి పాఠం చివర్లలోని స్పేసులను కత్తిరించి చూస్తుంది కాబట్టి "భీమిలి లో" తప్పును పట్టలేదు. మాటల మధ్య ట్యాగ్‌లున్న ఫైలులో అయిదారు వాక్యాలను కళ్లతో చూసుకోవాల్సిందే.

సాధనకు ఏ ఫైలు తీసుకోమంటారు?

మీరే టైపు చేసిన వర్డ్ డాక్యుమెంట్ తీసుకోండి. డాక్స్ ఫైలు అంటే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లను జిప్ చేసిన మూటే. కాపీ చేసి, పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. వర్డ్ అనే ఫోల్డర్‌లో డాక్యుమెంట్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుంటుంది, దాదాపు అంతా ఒకే లైనులో. ఎలిమెంట్‌ట్రీతో ఇండెంట్ చేసి చూడండి. మా తరగతిలో ఒకమ్మాయి తన ఉద్యోగ దరఖాస్తును ఇలా తెరిచింది. తాను ఒక్క ఊపున కొట్టానని చెప్పిన "విశాఖపట్నం" లోపల మూడు ముక్కలుగా ఉంది. "విశా" ఒక ట్యాగ్‌లో, "ఖ" ఇంకోదాంట్లో, "పట్నం" మరోదాంట్లో. మధ్యలో ఒకసారి అక్షరం దిద్దిన గుర్తు అలా మిగిలిపోయింది. తన స్క్రిప్ట్ ఊరి పేరును వెతికి మార్చలేక ఎందుకు రెండు రోజులు ఏడిపించిందో ఆమెకు అప్పుడు తెలిసింది.